చెయ్యి ఒప్పుకోవాలి

నేను డిగ్రీ పాసయ్యాను.

ఈ ముక్క ఇప్పటికి ఇక్కడ దుబాయ్ అల్ నహ్దాలో మా బిల్డింగ్ వాచ్‌మన్‌కి చెప్పాను, కింద కిరాణా కొట్టు మలయాళీ ఆయనకి చెప్పాను, లిఫ్టులో ముఖపరిచయం కూడా లేని ఫిలిప్పీన్స్ ఆవిడకి చెప్పాను. ఆవిడ తన అంతస్తు వచ్చినా దిగకుండా నన్ను కావలించుకుంది. రాజోలు దగ్గర మా ఊళ్ళో పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్తే, "అయితే ఇంక సదవక్కర్లేదు కదా, పడుకో" అంది. అటు నాన్న వైపు, ఇటు అమ్మ వైపు వెతికినా డిగ్రీ అన్నది నాదే మొదలు. నా చిన్నప్పుడే పోయిన నాన్న సంతకం పెట్టడం వరకే నేర్చుకున్నారట. అమ్మ ఐదో తరగతి. పద్నాలుగేళ్ళుగా షార్జాలో, దుబాయ్‌లో ఇళ్ళల్లో పని చేస్తోంది.

అందరికీ చెప్పేశాక ఒక్క మనిషి మిగిలిపోయారు. నిజానికి ముందుగా చెప్పాల్సింది ఆయనకే. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేరు.

పట్టా ఇచ్చే రోజు మధ్యాహ్నం రెండింటికి, అద్దె గౌను వేసుకుని, హాలు తలుపు స్టీలు పిడి పట్టుకుని లాగాను. ఎండలో కాగి ఉంది. అరచెయ్యి చుర్రుమంది. వెనక క్యూలో ఉన్న పిల్లలు "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నారు. నేను చెయ్యి ఊదుకుంటూ నిలబడి నవ్వుకుంటున్నాను. "సూసేవా, సెయ్యి ఒప్పుకోలేదు" అని ఆయన పక్కన నిలబడి అన్నట్టే అనిపించింది.

ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. మేం తెలుగువాళ్ళం పెద్దమేస్త్రి గారు అనేవాళ్ళం. మా ఫ్యాక్టరీ దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఉంది. విల్లాలకి తలుపులు, మెట్లు, అల్మరాలు చేసి పంపుతాం. పాలిటెక్నిక్ డిప్లొమా పట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చిన నేను, కరోనా సద్దుమణుగుతున్న రోజుల్లో అక్కడ కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసే పనికి చేరాను. ఆయన అప్పటికే ఇరవై ఏళ్ళ పైమాట నుంచి అక్కడున్నారు. మనిషి పొట్టి. కుడి చెవి మీద బల్లపరుపు పెన్సిలు. భోజనం దగ్గర కూడా తీసేవారు కాదు. ఒకసారి అది కింద పడిపోతే ఆ చెవి బోసిగా, వేరే ఎవరి చెవో తెచ్చి పెట్టినట్టు కనిపించింది.

ఆయనకి ఒక పిచ్చి ఉండేది. చేతికి తగిలే ఇనుము ఎక్కడ కనిపించినా పేము బద్ద చుట్టేసేవారు. మన ఊళ్ళల్లో కుర్చీలు అల్లే పేమే. నీళ్ళల్లో నానబెట్టి, బిగించి చుట్టి, కొస లోపలికి దోపేసేవారు. మేకు ఉండదు, జిగురు ఉండదు. ఎండేకొద్దీ అదే బిగుసుకుంటుంది. పనివాళ్ళందరూ ఉండే లేబర్ క్యాంపు గేటు గడియకి పేము. నీళ్ళ ట్యాంకు నిచ్చెనకి పేము. మమ్మల్ని తీసుకొచ్చే కంపెనీ బస్సు ఎక్కేచోట పట్టుకునే కడ్డీకి పేము. పెషావర్ డ్రైవరు దాన్ని తడుముతూ "ఉస్తాద్, మేరే దిల్ పే భీ ఏక్ లగా దో, బహుత్ గరమ్ హై" అని, తన గుండె కూడా కాలిపోతోంది, దానికీ ఒకటి చుట్టమని రోజూ ఆటపట్టించేవాడు. "ముందు నానబెట్టాలి భాయ్, నీ దిల్ ఎక్కడ నానుద్ది" అని ఈయన తెలుగులోనే జవాబిచ్చేవారు. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఆరోజుల్లో వచ్చిన ప్రతి కస్టమరూ ఒక్కటే మాట: స్కాండినేవియన్ స్టైల్. తెల్లటి ఓక్ చెక్క, నగిషీ లేకుండా, గీత గీసినట్టు. నేను ఇంటర్నెట్‌లో చూసి, పదునైన అంచులతో ఒక అల్మరా పిడి గీసి, గొప్పగా ప్రింటు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. అది నా మొదటి డ్రాయింగు.

"ఇదేంటమ్మాయ్? పట్టుకోడానికా, సూడ్డానికా?"

"స్టైలండీ. స్కాండినేవియన్."

"ఆయ్. అదెక్కడుందో?"

ఫోన్లో మ్యాపు తెరిచి స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఆ పక్కన ఫిన్లాండ్ చూపించాను. మంచు ఫోటోలు చూపించాను. శీతాకాలంలో అక్కడ మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిపోతుందని చదివి వినిపించాను. ఆయన ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశారు.

"పాపం, ఎండకి మొకం వాసిపోయినోళ్ళు. అందుకే అంతంత గాజు పెట్టుకున్నారు. మరి మనకెందుకే, ఇక్కడ?"

"కస్టమర్ అడిగాడండీ."

"కస్టమర్ సరే. సెయ్యినడిగేవా?"

అర్థం కాలేదు. ఒక అరగంటకి ఆయన నా డ్రాయింగు ప్రకారం, వెంట్రుకవాసి తేడా లేకుండా, చెక్కతో ఆ పిడి చేసి తెచ్చారు. "కళ్ళు మూసుకో. పట్టుకో. లాగు." లాగాను. అంచు వేళ్ళ సందులో కోసుకుంది. "అబ్బా, గుచ్చుకుంటోందండీ" అన్నాను.

"నాకెందుకు సెప్తావ్? నీ డ్రాయింగుకి సెప్పు."

బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. వచ్చి మళ్ళీ గీశాను. మళ్ళీ చేసి తెచ్చారు, మళ్ళీ కళ్ళు మూయించారు. మూడోసారి లాగాక నేను నోరు తెరవకముందే నా ముఖం చూసి "ఊఁ, ఒప్పుకుంది" అన్నారు. ఆయన దగ్గర అంతకు మించిన మెచ్చుకోలు లేదు. నాలుగు నెలలకోసారి ఆ మాట వస్తే ఆ వారమంతా నాకు పండగే.

ఒకరోజు టీ దగ్గర "మీ అమ్మగారేం సేత్తారు?" అని అడిగారు. ఆఫీసులో ఎవరడిగినా నేను "హౌస్ కీపింగ్" అనేదాన్ని. ఆయన దగ్గర మాత్రం ఎందుకో "ఇళ్ళల్లో పనండీ" అని తల దించుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అమ్మో! అయితే రోజుకెన్ని తలుపులు తీత్తారో!"

ఆ ఆదివారం గుడ్డసంచి భుజాన వేసుకుని అల్ నహ్దాలో మా గదికి వచ్చారు. సంచి నిండా పిడులు. అమ్మ ప్రార్థన నుంచి వచ్చి అంట్లు తోముతోంది.

"ఏంటన్నయ్యగారూ, గాజులమ్మేవోళ్ళలా వచ్చేరు?"

"ఆయ్, సెల్లెమ్మగారి సేతికి సరిపోతే సాలండి. సెయ్యి కడుక్కోకండి, సబ్బుతోనే పట్టుకోండి."

అమ్మ మొదట నవ్వింది. తర్వాత కొంగు బిగించి కూర్చుంది. ఒక్కొక్కటీ పట్టుకుని తీర్పు చెప్పింది. "ఇది జారిపోతంది. ఇదా? మా మేడంకి గోరు ఇరుక్కుంటది, అప్పుడు నామీద అరుత్తది. ఇది బాగుంది గానీ చంకలో బట్టల బుట్ట ఉంటే మోచేత్తో లాగలేం." మోచేత్తో తలుపు తీస్తారన్న సంగతి మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు, ఆవిడ కూతుర్నయ్యుండి. ఆయన చెవి మీది పెన్సిలు తీసి, అమ్మ ఒప్పుకున్న పిడి వెనక రాశారు: "మరియమ్మ గారు. ఎడం చెయ్యి. సబ్బునీళ్ళు."

అది ఆయన పద్ధతి. సొరుగు అడుగునో, తలుపు చట్రం వెనకో, ఎవరికీ కనిపించని చోట, ఆ వస్తువుని పట్టి చూసి ఒప్పుకున్న మనిషి పేరు రాసేవారు. ఈ దేశంలో ఎన్ని ఇళ్ళల్లో అల్మరాల వెనక క్లీనర్ల పేర్లు, వంటమనుషుల పేర్లు తెలుగులో ఉన్నాయో!

"మరి మీ పేరు ఎక్కడండీ?" అని అడిగాను.

"నేను సేసినోణ్ణే కదా. వాడేవోళ్ళ పేరుండాలి. రేపు తేడా వత్తే వాళ్ళనే అడుగుతాను, మీరే కదండీ ఒప్పుకున్నారూ అని" అని నవ్వారు.

ఇక అల్ ఐన్ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ డిగ్రీ నాది కాదు.

ఖర్జూరం తోటల మధ్య ఒక విల్లా. గీసింది ఒక అమెరికన్ ఆర్కిటెక్ట్, నెరిసిన జుట్టు, గడ్డి టోపీ పెట్టుకునే పెద్దావిడ. నున్నటి తెల్లచెక్క, పెద్ద పెద్ద గాజులు, పడమటి వైపు వసారాకి మూడు తలుపులు, వంటింటికి పక్కన ఒకటి. నాలుగింటికీ మెరిసే స్టీలు పిడులు. పడమటి ఎండకి అవి ఏమవుతాయో మా మేనేజరుకి పెద్దమేస్త్రి గారు ముందే చెప్పారు. "డ్రాయింగ్ మే జో హై, వోహీ కరో" అని మేనేజరు కొట్టిపారేశాడు. డ్రాయింగులో ఉన్నదే చెయ్యాలి.

పెద్దమేస్త్రి గారు సరేనన్నారు. వంటింటి తలుపు పిడి ఒక్కటి మాత్రం సంచిలో వేసుకుని ఆదివారం మా గదికి తెచ్చారు. "వసారా తలుపులు వాళ్ళిష్టం. ఇది తీసేది పనోళ్ళు. వాళ్ళ కోసం డ్రాయింగు ఎవరూ గియ్యలేదు కదమ్మా." దానికి ఒక చుట్టు మాస్కింగ్ టేపు వేసి, టేపు మీద అమ్మ పేరు రాసి, దానిమీద పేము చుట్టారు. నానిన బద్ద కొస పట్టుకుని కూర్చున్నది నేనే. అమ్మ తడిచేత్తో, మోచేత్తో, బుట్ట చంకలో పెట్టుకుని రెండుసార్లు చూసింది. రెండుసార్లు విప్పించి మళ్ళీ చుట్టించింది.

జూలైలో మధ్యాహ్నం మూడింటికి ఆ ఆర్కిటెక్ట్ తనిఖీకి వచ్చింది. ఆవిడ వసారా తలుపు పిడి పట్టుకుని చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. పుస్తకంలో ఏదో రాసుకుంది. ఆవిడకంటే ముందు వంటింటి వైపు వెళ్ళిన మేనేజరు, ఆ పేము చూసి ఎర్రబడిపోయాడు.

"యే క్యా హై? కిస్నే కియా?" అని నా వైపు తిరిగాడు. "డ్రాయింగులు నీవే కదా, ఎవరు గీశారు దీన్ని?"

నాకు ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. అది పోతే వీసా పోతుంది. దాచుకుని దాచుకుని చదువుకుందామనుకున్న డిగ్రీ పోతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో కళ్ళ ముందు తిరిగాయి. పేము నానిన వాసన ఇంకా నా వేళ్ళకి ఉంది.

"నాకు తెలీదు సార్" అన్నాను.

పెద్దమేస్త్రి గారు నా వైపు చూడలేదు. "మైనే కియా సాబ్" అని తనే చేశానన్నారు, గుక్కెడు మంచినీళ్ళు అడిగినంత మామూలుగా.

"ఖలాస్! ఇంక నీకు..." అని మేనేజరు ఏదో మొదలుపెట్టాడు. ఈలోగా ఆ పెద్దావిడ వచ్చి పిడి పట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే కళ్ళు మూసుకుంది. తలుపు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. కళ్ళు తెరిచి ఇంగ్లీషులో అడిగింది, ఎవరు గీశారు దీన్ని అని.

అదే ప్రశ్న. ఈసారి గొంతులో కోపం లేదు. అది మెచ్చుకోలని పెద్దమేస్త్రి గారికి వెంటనే అర్థమైపోయింది. చెవి మీది పెన్సిలు తీసి నా వైపు చూపించారు. "షీ డ్రా, మేడం" అన్నారు. ఆయనకొచ్చిన ఇంగ్లీషులో అది చాలా పెద్ద వాక్యం.

నేను కాదనలేదు. తిట్లు పడేటప్పుడు తెలీదన్నదాన్ని, మెప్పు వచ్చేటప్పుడు నోరు మూసుకున్నాను.

ఆవిడ నన్ను ఖర్జూర చెట్ల నీడకి తీసుకెళ్ళి చాలాసేపు మాట్లాడింది. ఫిన్లాండ్‌లో ఒక పాత ఇల్లుందట. ఇనుప స్తంభాలు చలికి చేతికి చల్లగా తగులుతాయని అక్కడి ఆర్కిటెక్ట్ వాటికి పేము చుట్టించాడట. ఆయనే తర్వాత అమెరికాలో ఒక నది ఒడ్డున విద్యార్థుల హాస్టలు కట్టాడట, పిల్లలకి గదుల్లోంచి నది కనబడాలని గోడనే వంకీలు తిప్పి. బట్టీలో వంకరపోయిన ఇటికల్ని కూడా పారెయ్యనివ్వకుండా గోడలో పెట్టించాడట. అలాంటి వాళ్ళ దగ్గరే అమెరికా వాళ్ళు చెక్క, వెలుతురు, ఆడంబరం లేకపోవడం నేర్చుకున్నారట. "మేం వాళ్ళ గాజు తీసుకున్నాం, తెల్లచెక్క తీసుకున్నాం. తీసుకొచ్చి ఈ ఎండలో పెట్టాం. చెయ్యి సంగతి దారిలో ఎక్కడో మర్చిపోయాం" అంది. మిగిలిన మూడు తలుపులకీ పేము చుట్టమని మేనేజరుకి చెప్పి వెళ్ళింది. నెల తిరక్కుండా నా చదువు కోసం ఒక సిఫారసు ఉత్తరం పంపింది. ఆ ఉత్తరంతోనే నాకు సీటొచ్చింది.

ఆరోజు తిరుగు బస్సులో ఆయన పక్కన కూర్చున్నాను. ఎడారి దాటాక అడిగాను.

"ఎందుకలా చెప్పారండీ? నేను గియ్యలేదు కదా."

"ఇయ్యాల గియ్యలేదు. రేపు గీత్తావు. అంతేగా తేడా."

"నేను తెలీదన్నానండీ..."

"ఇన్నాను. సెవి మీద పెన్సిలుంది గానీ, సెవిలో లేదు." ఆ పెన్సిలు సర్దుకుని, "భయం వత్తే ఎవరైనా అంటారమ్మాయ్. దానికేం గానీ, ఎప్పుడో ఒకప్పుడు నిజంగా గియ్యి. నన్ను అబద్ధాలోణ్ణి సెయ్యకు" అన్నారు. ఆ తర్వాత కిటికీకి తల ఆనించి నిద్రపోయారు.

వారాంతాల్లో డిజైన్ డిగ్రీ క్లాసులకి వెళ్ళడం మొదలుపెట్టాను. కాలేజీ లైబ్రరీలో పేము చుట్టిన స్తంభాల ఫోటో దొరికిన రోజు, క్యాంపు దాకా వెళ్ళి ఫోన్లో ఆయనకి చూపించాను. ఎనభై ఏళ్ళ పైబడిన ఇల్లండీ, ఎక్కడో మంచుదేశమండీ, అక్కడ చలికి చుట్టారు, మీరు ఎండకి చుట్టారు అని ఊపిరాడకుండా చెప్పేస్తున్నాను. ఆయన వినడం లేదు. బొమ్మని రెండు వేళ్ళతో పెద్దది చేసి వెతుకుతున్నారు.

"కొస ఎక్కడ దోపేడో కనబడ్డం లేదే."

హాస్టలు గోడలో వంకర ఇటికలు చూపించాను. అక్కడ మాత్రం చాలాసేపు ఆగిపోయారు. "ఇది కట్టిన మేస్త్రి పేరేంటి?"

పుస్తకంలో ఆర్కిటెక్ట్ పేరుంది. మేస్త్రి పేరు లేదు. అదే చెప్పాను.

"అలాగా" అని ఫోన్ తిరిగి ఇచ్చేశారు.

మరుసటి ఏడాది అరవై నిండాయని వీసా రద్దు చేసి పంపేశారు. వెళ్ళేటప్పుడు పేము కట్ట ఒకటి, ఉప్పుకాగితాలు కొన్ని నాకిచ్చారు. అమ్మకి, "సెల్లెమ్మగారూ, మా ఇంటి తలుపులు మీ సేతికి సూపించకుండానే బిగించేసేనండి, ఓసారి రావాలి" అని చెప్పారు. పోయిన చలికాలం, నా ఆఖరి ఏడాది ప్రాజెక్టు సగంలో ఉండగా, క్యాంపు వాట్సాప్ గ్రూపులో ఆయన పోయారని వాయిస్ మెసేజ్ వచ్చింది. గుండెపోటు. పెషావర్ డ్రైవరు ఆ సాయంత్రం బస్సు కడ్డీ పట్టుకుని చాలాసేపు దిగకుండా ఉండిపోయాడు.

నా ప్రాజెక్టు ఇదే: ఉత్తర దేశాల నుంచి అమెరికాకి, అమెరికా నుంచి మన ఎడారికి వచ్చిన ఇల్లు దారిలో ఏం పోగొట్టుకుంది అని. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ చేతుల కొలతలతో పన్నెండు పిడులు గీశాను. నిజంగా నేనే గీశాను. అమ్మ తీర్పు చెప్పింది. పదమూడోది అల్ ఐన్ వంటింటి పిడి. దాన్ని కూడా గీశాను గానీ, షీటు కింద 'గీసినవారు' అనే గడిలో నా పేరు రాయలేదు.

ప్రాజెక్టుని పరీక్షించడానికి వచ్చిన ముగ్గురికీ నేను పేము చుట్టిన నమూనా ఇచ్చి, కళ్ళు మూసుకోమన్నాను. ఒకాయన నవ్వాడు గానీ మూసుకున్నాడు. చివర్లో కూర్చున్నావిడ కళ్ళు తెరిచి అడిగింది.

"ఇది ఎవరు గీశారు?"

మూడేళ్ళ కింద అల్ ఐన్‌లో అడిగిన ప్రశ్నే మళ్ళీ ఇక్కడికొచ్చింది. ఈసారి ఆయన పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా, గది బయట కూర్చున్న అమ్మకి వినిపించేంత గట్టిగా. ఆయన వడ్రంగి అని చెప్పాను. ఇదే ప్రశ్న మొదటిసారి అడిగినప్పుడు నాకు తెలీదన్నానని, ఆ తర్వాత ఆయన మెప్పు నేను తీసుకున్నానని, ఆ మెప్పుతోనే ఈ కాలేజీలో సీటొచ్చిందని కూడా చెప్పాను. మార్కులు పోతాయనుకున్నాను. ఆవిడ ఆ పేరు ఇంకోసారి చెప్పించుకుని నెమ్మదిగా రాసుకుంది.

పాసయ్యాను. ఇంతకుముందే చెప్పానా? అయినా మళ్ళీ చెప్తున్నాను, పాసయ్యాను!

పట్టా తెచ్చుకున్న మర్నాడు, మా బిల్డింగ్ పైన బట్టలారేసుకునే డాబాకి వెళ్ళాను. అక్కడి ఇనుపతలుపు పిడికి చెయ్యి కాలని ఆడది మా బిల్డింగులో లేదు. ఆయనిచ్చిన కట్టలోంచి రెండు బద్దలు బకెట్లో నానబెట్టాను. పిడికి టేపు చుట్టి, ఆయన పెన్సిలు లాంటిదే కొనుక్కున్న నా పెన్సిలుతో దానిమీద ఆయన పేరు రాశాను. వాడేవోళ్ళ పేరుండాలన్నారు కదా, ఆ ఒక్క మాట వినలేదు. పైన పేము బిగించి చుట్టి, కొస లోపలికి దోపి, చేతులు దులుపుకుని నిలబడ్డాను. ఆ పేరు ఇప్పుడు ఆ పేము కింద ఉంది. అందుకే ఇక్కడ మళ్ళీ రాయలేదు.

అమ్మ తడిబట్టల బుట్ట చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మోచేత్తో ఓసారి, సబ్బుచేత్తో ఓసారి లాగి చూసింది. డిగ్రీ చదివిన కూతురి వైపు తిరిగింది.

"కొంచెం లావైందే. ఇప్పి మళ్ళీ చుట్టు."